ట్యూబ్‌లైటు కింద నీలం

చిన్నకోడలికి ఆ గదిలో ఇది తొమ్మిదో ఏడు. నియోడిమియం నైట్రేటు అనే ఉప్పు తయారయ్యే గది అది. ఆ ఉప్పుకి గాలిలో తడంటే మహా ఆశ. మూత తీసి కాసేపు కబుర్లాడితే చాలు, పలుకులన్నీ కరిగి పాకమైపోతాయి. అందుకని బావగారు, అంటే ఆమె భర్తకి అన్న, ఆ ఫ్యాక్టరీ యజమాని, ఉన్న ఒక్క కిటికీకీ ఇటుకలు పెట్టించేశాడు. ఉప్పు పొడిగా ఉంటే చాలు, మనిషి ఉడికి చస్తే ఎవడిక్కావాలి!

ఆమెకి బళ్ళో సైన్సు టీచరు ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. "ఈ సరుకు పంపేసి వెళ్ళమ్మా, నేనేమైనా కట్టేశానా?" అంటూ రాజీనామా కాగితం సొరుగులో పెట్టాడాయన. ఆ మాట పట్టుకుని ఆమె రోజులు లెక్కపెట్టుకుంది.

శుక్రవారం డబ్బాలన్నీ తిరిగొచ్చాయి. మీ కాగితంలో లేత నీలమని ఉంది, తెరిస్తే గులాబీ, ఇది కల్తీ అని, ఈసారి కొత్తగా కొన్నవాళ్ళ ఉత్తరం.

"కొంప ముంచావు కదమ్మా! మొత్తం మళ్ళీ చెయ్యి. మూడు నెలలు పడుతుంది. అప్పటిదాకా బడీ లేదు, గిడీ లేదు."

ఆమె పరుగున తన గదిలోకి వెళ్ళింది. దాచిన నమూనా సీసా తీసి చూస్తే నిక్షేపంలా నీలంగానే ఉంది. తొమ్మిదేళ్ళూ అలాగే చూసింది, అలాగే రాసింది. డబ్బాలకి సీలు వెయ్యడం కూడా ఆ గదిలోనే. ఏడుపు ఆపుకోలేక సీసాతోనే బయటికొచ్చేసింది. ఎండలో చూస్తే ఉప్పు గులాబీ!

"ఓసి నీ దుంప తెగ!" అని లోపలికెళ్ళింది. నీలం. బయటికొచ్చింది. గులాబీ.

"బావగారూ, ఉప్పులో తప్పు లేదు. దీనికి ఎండలో ఒక రంగు, ట్యూబ్‌లైటు కింద ఇంకో రంగు. ఇన్నేళ్ళలో నేను దీన్ని ఎండలో చూడనే లేదు."

ఆయన ఫోను చేసి చెప్పాడు. వాళ్ళూ ట్యూబ్‌లైటు కింద పెట్టి చూసుకుని సరుకు తీసుకుంటామన్నారు. బావగారి మొహం చేటంత అయింది.

"అయితే నేను సోమవారం..." అందామె.

ఆయన సొరుగు తీసి, కాగితాన్ని మడిచి, ఇంకా అడుక్కి తోశాడు. "ఇంత గుట్టు తెలిసినదాన్ని వదులుకుంటానా? పిల్లలకి పాఠాలు ఎవరైనా చెప్తారులే. మీ ఆయనతో మాట్లాడాను, సరేనన్నాడు."

ఆయన గది కిటికీలోంచి పడే ఎండలో, ఆమె చేతిలో సీసా ఇంకా గులాబీగానే ఉంది.

"లోపలికి వెళ్ళమ్మా. తలుపు గట్టిగా వేసుకో, తేమ పడుతుంది."