సాయవ్వ అడిగిన చావు దరువు

నేను ఒక డప్పును. వేపచెక్క చట్రం, దాని మీద బిగించిన మేకతోలు, అంతే నా ఒళ్లు. మెదక్ వైపు ఒక పల్లెలో బాల్‌నర్సు తండ్రి నన్ను తన చేతులతో చేసి, ఉన్నన్నాళ్లూ వాయించి, కొడుకు భుజానికి తగిలించి వెళ్లిపోయాడు. మోగాలంటే ముందు నేను మంట దగ్గర కాగాలి. తక్కువ కాగితే మూలుగుతాను, ఎక్కువైతే పగులుతాను. ఆ లెక్క పట్టుకున్న చేతికి తెలియాలి.

మనుషుల సంగతి నాకు బాగా తెలుసు. బిడ్డ పుడితే సంతోషమని తాగుతారు, పెద్దాయన పోతే దుఃఖమని తాగుతారు. నన్ను పిలిచిన ప్రతి ఇల్లూ ముందుగా బాల్‌నర్సు చేతిలో సీసా పెట్టేది. అది మర్యాద. "కడుపుల మందు వడకుంటె దెబ్బ వడదు" అనేవాళ్లు. పాపం, ఇచ్చినవాళ్లూ మంచివాళ్లే! ఆ మర్యాద పుచ్చుకుని పుచ్చుకుని, పొద్దున లేస్తూనే అతని వేళ్లు వణకసాగాయి.

తల్లి సాయవ్వది ఒకటే కోరిక. "నేను వోయిననాడు నీ దరువు మీదనే వోవాలె కొడుకా" అనేది.

ఒక బోనాల మధ్యాహ్నం బాల్‌నర్సు మత్తులో నన్ను మంటలోకే దించినంత పని చేశాడు. నా తోలు టప్పున పగిలింది, అతని అరచెయ్యి కాలింది. ఊరేగింపులో అందరూ నవ్వారు. సాయవ్వ మాత్రం నవ్వలేదు.

"నా సావుదాక నువ్వుంటవా కొడుకా?" అని అడిగింది. బాల్‌నర్సు నడివీధిలో కూలబడి ఏడ్చాడు.

మర్నాడే భార్య మణెమ్మ అతన్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ వస్తాయని చెప్పి, డాక్టరమ్మ మందులిచ్చి దగ్గరుండి మాన్పించింది. ఆ తల్లి చల్లగా ఉండాలి. మణెమ్మ నాకు కొత్త తోలు వేయించింది. మా డప్పుల మేళంలో పెద్దవాడు మల్లేశం అందరినీ కూర్చోబెట్టి కట్టుబాటు పెట్టాడు. "డప్పు భుజం మీదున్నంతసేపు సీస ముట్టద్దు. తాగెటోడు ఇంట్ల బువ్వ తిని కొంచెమే తాగాలె. తాగి బండి తియ్యద్దు."

"నాకు ఆ కొంచెం గూడ వద్దన్నా, కొంచెంతోని ఆగుడు నాకు రాదు" అన్నాడు బాల్‌నర్సు. అంతమందిలో ఆ మాట అన్నందుకు అతనికి వెయ్యి దండాలు పెట్టాలనిపించింది నాకు.

మరుసటి ఎండాకాలం ఒక సాయంత్రం సాయవ్వ వాకిట్లో మంచం వేయించుకుని కొడుకును పిలిచింది. "సచ్చినంక నాకేం ఇనవడ్తదిరా? ఆ దరువేందో ఇప్పుడే కొట్టు."

అతను నన్ను కాచాడు, వేలితో మీటి చూసుకున్నాడు. చావు దరువు ఎత్తుకున్నాడు. ఒక్క దెబ్బ తప్పలేదు. సాయవ్వ కళ్లు మూసుకుని, తల ఊపుతూ వింది. అంత ప్రేమగా నన్ను ఎవరూ వినలేదు.

దరువు విన్న వాడకట్టంతా గుండెలు బాదుకుంటూ పరుగెత్తుకొచ్చింది. ఎదురింటి ఎంకటి అయితే డప్పులోళ్లకని అలవాటు కొద్దీ సీసా కూడా పట్టుకొచ్చాడు. వచ్చి చూస్తే సాయవ్వ మంచం మీద కూర్చుని మక్కప్యాలాలు నములుతోంది.

"నేను సావలే గని, ఆ సీస మలుపుకపో ఎంకటీ" అంది. "కోడలా, గింతమంది నాకోసం ఏడ్సుకుంట వచ్చిండ్రు, అందరికి చాయ్ పెట్టు!"