సాయి తేజ ఫోను చూపిన దారి

ఆ గొంతు వింటేనే వాసుదేవరావుకు రోత పుట్టింది. కారులో ఎదురుగా తగిలించిన ఫోనులోంచి వస్తున్న ఆ స్త్రీ కంఠంలో ఆప్యాయత లేదు, కోపం లేదు, సందేహమన్నది అసలే లేదు. కుడికి తిరగమంటుంది; తిరిగితే మెచ్చుకోదు, తిరగకపోతే కసరదు. ముప్పై ఏళ్లు పుస్తకాల మధ్య గడిపిన ఆయనకు, సందేహమెరుగని గొంతును మించిన అసహ్యమైన వస్తువు లోకంలో లేదు.

ఆయన జర్మనీ వచ్చింది ఒక్క పేరు కోసం. రెండువందల ఏళ్ల నాటి తెలుగు పదాల నోటుపుస్తకం ఒకటి ఇక్కడి పల్లెలో, మిషనరీల గ్రంథాలయంలో ఉంది. దాన్ని రాసింది మిషనరీ దొర కాదనీ, ఆ దొర దగ్గర పనిచేసిన తెలుగు మునిషీ అనీ ఆయన వాదం. చివరి ఆకు మీద మునిషీ సంతకం ఉందని ఒక పాత జాబితాలో చదివాడు, కంటితో చూడలేదు. ఆ వాదంతో ఆయన రాసిన పుస్తకం సోమవారం అచ్చుకు వెళుతుంది. ఇవాళ శుక్రవారం, గ్రంథాలయం పన్నెండింటికి మూసేస్తారు. రేపు తిరుగు విమానం.

రైలు దిగి, అద్దె కారు తీసుకునేసరికి పదిన్నర దాటింది. నడుపుతున్న టైటస్ భీమవరం కాలేజీలో ఆయన శిష్యుడు, ఇప్పుడు కొలోన్‌లో ఐటీ ఉద్యోగి. తన ఫోను పాడైతే, గదిలో తోడుంటున్న సాయి తేజ ఫోను అడిగి తెచ్చాడు.

“పద్నాలుగు కిలోమీటర్లకు యాభై నిమిషాలేమిటయ్యా?” అన్నాడు వాసుదేవరావు.

“బావుష్టెల్లె ఉండుంటదండి మాస్టారూ. రోడ్డు పనులు. తవ్వడంలో వీళ్లు మన మున్సిపాలిటీకి అన్నయ్యలు.”

“నేను మ్యాపు గీసుకొచ్చాను. తిన్నగా ఒకటే రోడ్డు.”

“ఇంకా పెన్సిలేనాండి! దీనికి ఆకాశంలోంచి శాటిలైట్లు చూసి చెప్తాయి.”

రెండో మలుపులో తారు అయిపోయింది. మూడో మలుపులో కంకర కూడా అయిపోయి, పొలాల మధ్య సన్నని బాట మిగిలింది. అటూ ఇటూ ట్రాక్టర్లు పందుల పెంట కలిపిన నీళ్లను చేలమీద చిమ్ముతున్నాయి. అద్దాలు ఎక్కించినా కంపు లోపలే సర్దుకు కూర్చుంది. వాసుదేవరావు ఉత్తరీయం ముక్కుకు అడ్డంపెట్టుకున్నాడు. నాలుక మీద కూడా అదే రుచి తగిలింది.

బాట మధ్యలో తెల్లని ఇనుప స్తంభం పాతి ఉంది. ఇరువైపులా కాలువ. కారు ఆగింది.

“తిన్నగా వెళ్లండి,” అంది ఫోను.

టైటస్ తెరను అటూ ఇటూ నొక్కి చూశాడు. “మాస్టారూ... సాయి తేజ సాయంత్రాలు సైకిలు మీద భోజనాలు డెలివరీ చేస్తాడండి. ఇది సైకిలు దారి చూపిస్తోంది. నేను చూసుకోలేదండి.”

పదకొండూ ఇరవై. చేలకవతల గ్రంథాలయం గోపురం కనిపిస్తోంది. రోడ్డు మీదుగా చుట్టి వస్తానని టైటస్ కారును వెనక్కి నడుపుకుంటూ పోయాడు. వాసుదేవరావు చీలమండల దాకా ఆ పెంటలో దిగబడుతూ, ప్రతి అడుగుకూ ఒళ్లు జలదరిస్తుండగా, చేనుకు అడ్డంపడి నడిచాడు.

గుమ్మం బయటే బూట్లూ మేజోళ్లూ విప్పి, వట్టికాళ్లతో లోపలికి వెళ్లాడు. గ్రంథపాలకురాలు ముందు ఆయన పాదాలను, తర్వాత గోడ గడియారాన్ని చూసింది. పదకొండూ నలభై ఎనిమిది. నేలమాళిగ నుంచి పుస్తకం తెప్పించాలంటే పదకొండూ ముప్పావులోగా అడగాలట. వచ్చే శుక్రవారానికి టెర్మిన్, అంటే చూసేందుకు సమయం, ఇస్తానంది. ఆయన విమానం సంగతి చెప్పాడు, బతిమాలాడు. ఆవిడ నొచ్చుకుంటున్నట్టు నవ్వింది, నియమం నియమమే.

మెట్ల మీద కూర్చున్నాడు. ఒడిలో పెన్సిలు మ్యాపు. రెండో మలుపులోనే ఆయనకు తెలుసు, దారి తప్పిందని. తెలిసీ నోరు మెదపలేదు. ఆ గొంతు అంత నమ్మకంగా చెబుతుంటే తన గీతల మీద తనకే అనుమానం కలిగింది. సంతకం ఉందని చెప్పిన పాత జాబితాకూ సందేహమంటూ లేదు. అది తిరగమన్నచోటల్లా తిరిగి, తాను నాలుగువందల పుటలు రాశాడు. ఈసారి రోత కాళ్ల దగ్గర ఆగకుండా పైదాకా పాకింది.

సంచిలోంచి అచ్చు ప్రూఫులు తీసి, మునిషీ పేరు పక్కన పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టాడు. కింద రాశాడు: ‘నేను చూడలేదు.’

కారు వచ్చి ఆగింది. “దొరికిందాండి మాస్టారూ?”

“ఆ ఫోను ఆపు,” అన్నాడు వాసుదేవరావు, బూట్లు రెండు వేళ్లతో దూరంగా పట్టుకుని. “స్టేషన్‌కు దారి నేను చెబుతాను.”