పడ్డాడని రాసుకున్నారు

తమ్ముడి మోకాలి మీద ఇనప గొట్టంతో కొడుతుంటే అక్క చూసింది. టెంట్ల గోడౌనులో, పట్టపగలు, కుర్చీల గుడ్డలు ఉతికి ఆరేస్తూ చూసింది. కొట్టినవాళ్ళు ఓనరు మనుషులు. వాడు చేసిన తప్పల్లా ఒకటే. పడిపోకుండా నడుముకి బెల్టులు ఇచ్చేదాకా ఎవరూ గుంజలెక్కొద్దని తోటివాళ్ళని కూడగట్టాడు. ఆమె పరుగెత్తి అడ్డం పడేలోపే పని అయిపోయింది. వాళ్ళు ఆమె ఆరేసిన గుడ్డతోనే చేతులు తుడుచుకుని వెళ్ళిపోయారు.

అక్క ఫిర్యాదు ఇస్తే, మర్నాడు పోలీసు ఇన్‌స్పెక్టరు గోడౌనుకి వచ్చాడు. అరవలేదు, బెదిరించలేదు. బోర్లించిన డ్రమ్ము మీద కూర్చుని అందరికీ టీ తెప్పించాడు. ఈ గుంజలెక్కే పని కష్టం కదా, ఎప్పుడైనా పడుతుంటారా అని అడిగాడు.

దానికి జవాబు చెప్పడమే వాళ్ళ పొరపాటైంది. ఆ పనిలో పడనివాడు లేడు. పడి లేచిన కథ ఒకటి లేకపోతే వాణ్ణి అక్కడ పనివాడికింద లెక్కకట్టరు. ముసలి మేస్త్రి అందుకున్నాడు. ఓ పెళ్ళిలో సరాసరి భోజనాల బల్ల మీద పడి, పెళ్ళికొడుకు కంటే ముందు తానే రుచి చూశానన్నాడు. పొడుగోడు, ఒకే గుంజ మీంచి మూడుసార్లు పడ్డానని, గుంజే తనని చూసి భయపడుతోందని అన్నాడు. అందరూ నవ్వారు. ఇన్‌స్పెక్టరూ నవ్వాడు. అక్క ఒక్కతే గుడ్డ పిండుతూ నవ్వలేదు.

"వాణ్ణి కొట్టారు సార్. నేను చూశాను."

రాసుకుంటామమ్మా అన్నాడాయన. రాసుకున్నాడు కూడా. పనిలో జారిపడ్డాడని, అలా పడటం అక్కడ మామూలేనని, తోటివాళ్ళంతా చెప్పారని.

ఆమె స్టేషను చుట్టూ తిరిగింది. చెప్పులరిగాయి తప్ప ఒక్క అక్షరం మారలేదు. ఆఖరికి గేటు దగ్గర కానిస్టేబులు జాలిపడి గొంతు తగ్గించి చెప్పాడు. కొత్తగా వచ్చిన పెద్దాఫీసరు నేరాలు తగ్గించి చూపిస్తానని పైవాళ్ళకి మాటిచ్చాడట. ఏ స్టేషనులో కొట్లాట కేసులు పెరిగితే ఆ ఇన్‌స్పెక్టరు మూటాముల్లె సర్దుకోవాలట. అందుకని దొంగతనాలన్నీ పోగొట్టుకోవడాలయ్యాయి, దెబ్బలన్నీ పడిపోవడాలయ్యాయి. నీ తమ్ముడొక్కడే అనుకున్నావా అక్కా అన్నాడు.

ఇంతలో మైదానంలో సభ అన్నారు. ఊళ్ళో నేరాలు సగానికి తగ్గినందుకు పెద్దాఫీసరుకి సన్మానం. టెంటు, కుర్చీలు ఈ గోడౌనువే.

ఆ సాయంత్రం గోడౌనులో పెద్ద గొడవే అయింది. ఒక్క గుంజ కూడా పాతేది లేదని పొడుగోడు భీష్మించాడు. మేస్త్రి ఒప్పుకోలేదు.

"మనం వెయ్యకపోతే ఇంకో గోడౌనువాళ్ళు వేస్తారు. మన పని పోతుంది, ఆయన మెళ్ళో దండ ఆగదు. అంతేగా?"

ఆ రోజు నవ్వినవాళ్ళంతా తల వంచుకుని కూర్చున్నారు. ఓదార్చే ఓపిక అక్కకీ లేదు.

"వేద్దాం. వేసి, కూర్చుందాం" అంది.

చాలామందికి వెంటనే బోధపడలేదు. బతుకంతా కుర్చీలు మోసి, వరసలు సర్ది, తామేమో వెనకాల నేల మీద గొంతుక్కూర్చునే మనుషులు వాళ్ళు. వేసిన కుర్చీలో వేసినవాడు కూర్చోడు. ఆ రూలు ఎవరు పెట్టారో తెలీదు, తప్పినవాళ్ళూ లేరు.

సభ రోజు, అతిథులు కార్లు దిగేసరికి ముందు వరసలన్నీ నిండిపోయి ఉన్నాయి. మట్టి చేతులు, మాసిన చొక్కాలు. మేస్త్రి కూడా కూర్చున్నాడు, కానీ కుర్చీ విరుగుతుందేమో అన్నట్టు అంచు మీదే. లేవమంటే ఎవరూ లేవలేదు. పెద్దాఫీసరు చూసీచూడనట్టు మైకు అందుకుని, దెబ్బలాటలు సగానికి తగ్గాయన్నాడు.

అక్క లేచింది.

"తగ్గిన ఆ సగంలో నా తమ్ముడున్నాడు సార్. వాణ్ణి కొడితే మీవాళ్ళు పడ్డాడని రాశారు. అడిగితే కిందివాళ్ళు మీ పేరు చెప్తున్నారు. మీరు ఎవరి పేరు చెప్తారు?"

మైకు ఆయన చేతిలో ఉంది. ఆమె మాట నాలుగు వరసలు దాటలేదు. ఆయన పక్కకి చూశాడు. ఎవరో పాటలు పెట్టారు. చప్పట్లు మోగాయి. పాటల మధ్యే పోలీసులు వాళ్ళందర్నీ వ్యానెక్కించారు.

స్టేషనులో ఇన్‌స్పెక్టరు వాళ్ళ మీద చెయ్యి కూడా చేసుకోలేదు. ఇళ్ళకి పొమ్మన్నాడు. మేస్త్రికి ఒళ్ళు మండింది.

"సభ పాడుచేశాం. ఒప్పుకుంటున్నాం కదా. మా మీద కేసు రాయండి."

"ఏం చేశారని? కుర్చీల్లో కూర్చున్నారు. వెళ్ళండి తాతా. ఇవాళ ఇక్కడ ఏమీ జరగలేదు."

అందర్నీ పనిలోంచి తీసేశానని ఓనరు కబురు పంపాడు. కాగితాల మీద కొట్టింది లేదు, అడిగింది లేదు, ఆఖరికి పట్టుకొచ్చింది కూడా లేదన్నమాట. పొడుగోడు గోడకేసి తిరిగి ఏడ్చాడు. అక్క ఆవరణలోకొచ్చి నేల మీద కూలబడింది. ఒక్కొక్కరే వచ్చి పక్కన కూర్చున్నారు. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పలేరు. పోవడానికి మాత్రం ఎవరికీ కాళ్ళు రాలేదు.

కాసేపటికి చాకిరేవులో బట్టలుతికే ఆవిడ గేటు దగ్గరికొచ్చి ఆగింది. మైదానంలో వెనక నుంచుని చూసిందట. తన మెడలో గొలుసు తెంపుకుపోతే పారేసుకుందని రాశారట. ఆమె వెనక తలకి కట్టు కట్టుకున్న కాపలాదారు. అతన్ని కొడితే తలుపు తగిలిందని రాశారట. అతని వెనక ఇంకెవరో, వాళ్ళ వెనక ఇంకెవరో.

ఇన్‌స్పెక్టరు గుమ్మంలోకొచ్చి, ఎంతమందొచ్చినా ఒక్కటీ రాసేది లేదన్నాడు.

"తెలుసు సార్" అంది అక్క. గేటు దగ్గరున్నావిడ వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా. గట్టిగా చెప్పు, రోడ్డు మీదికి వినపడాలి."

ఆవిడ మొదలుపెట్టింది. లోపల ఫోను మోగింది. ఇన్‌స్పెక్టరు వెళ్ళి తీశాడు.

"ఏం లేదు సార్. అంతా ప్రశాంతంగా ఉంది" అంటూ, రెండో చేత్తో కిటికీ మూసుకున్నాడు.