రణపాల ముడుచుకున్న నెల

కొత్త పైసలు వచ్చిన మరుసటేడు నాకు పెళ్ళయింది. పులికాట్ చెరువు ఒడ్డున పుట్టినదాన్ని, విడవలూరు దాటాక సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఒక పల్లెకు కోడలిగా వచ్చాను. కాలువలో పడవ మీద రెండు రోజుల ప్రయాణం. ఆ రెండు రోజులూ పడవ అంచున కూర్చుని నీళ్ళలోకి చూస్తూనే ఉన్నాను. నీళ్ళు వెనక్కి పోతున్నాయో, నేను ముందుకు పోతున్నానో తెలియలేదు. గుప్పిట్లో మాత్రం ఒక రణపాల ఆకు చల్లగా తగులుతూ ఉంది.

పడవ ఎక్కే ముందు మా నాన్న ఓబయ్య ఇచ్చాడు దాన్ని. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఇంట్లో మేమిద్దరమే.

"నాకు రాసేది రాదు, నీకు చదివేది రాదు. ఈ ఆకు కుండలో పెట్టుకో బిడ్డా. అది పచ్చంగా ఉంటే మీ నాయన బాగుండాడని అనుకో. ఇంక దేనికీ దిగులు పడబాక," అన్నాడు.

రణపాల అందరూ ఎరిగిందే. దళసరి ఆకు, నిండా నీరు. దెబ్బ తగిలితే వెచ్చచేసి కడతారు. ఆకును మట్టి మీద పడేస్తే చాలు, అంచుల్లోంచి పిల్లమొక్కలు లేస్తాయి. మా అత్త చెంచమ్మ మూతి పగిలిన నీళ్ళకుండ ఒకటి ఇచ్చింది. పెరట్లో మట్టి నింపి ఆకు పెట్టాను. రెండు నెలలకు మొక్క జానెడయింది.

నా మొగుడు రమణయ్య తెల్లారకముందే తెప్ప మీద సముద్రంలోకి పోయేవాడు. నేను లేవగానే కుండ దగ్గరికి పోయేదాన్ని. పచ్చగా ఉంది, నాన్న బాగున్నాడు. అంతే, ఆ రోజుకు ప్రాణం కుదుటపడేది. మధ్యాహ్నం గాలి మళ్ళాక అక్కడే చతికిలబడి మొక్కకు కబుర్లు చెప్పేదాన్ని. అలా చెబుతూ చెబుతూ ఉంటే ఎండ పలచబడిపోయి, మా పెరడు మెల్లగా చెరువయ్యేది. పొడుగు కాళ్ళ ఎర్రరెక్కల కొంగలు పొయ్యి పక్కన నిలబడేవి. నాన్న గెడకర్ర నీళ్ళలో దించిన చప్పుడు వినబడేది. "ఏందమ్మే, కళ్ళు తెరుచుకునే నిద్రపోతుండావా?" అని అత్త అరిచేదాకా నేను పుట్టింట్లోనే ఉండేదాన్ని.

ఐదు నెలలు అలా గడిచాయి. ఎండలు ముదురుతుండగా ఒక పొద్దున చూస్తే ఆకుల అంచులు లోపలికి తిరిగి ఉన్నాయి. నాలుగు రోజులకు ఒక్కో ఆకూ చిన్న దోనెలా ముడుచుకుపోయింది. అంచులు గోధుమరంగుకు మాడాయి.

ఆకుల కింద వేలు పెట్టి పురుగులకోసం వెతికాను. ఒక్కటీ లేదు. ఎండ ఎక్కువైందేమోనని గోడ నీడకు జరిపాను. తక్కువైందేమోనని మళ్ళీ ఎండకు లాగాను. దాహమేమోనని నీళ్ళు పోశాను. ఏం చేసినా రేపటికి ఇంకాస్త ముడుచుకునేది. కాలువ మీద మావైపు పడవ వస్తే పరుగెత్తి, "మా నాయన ఎట్టుండాడు?" అని అడిగేదాన్ని. "బాగుండాడు" అనేవాళ్ళు, మొహం అటు తిప్పుకుని.

కూడు సయించడం మానేసింది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. చెబితే నిజమైపోతుందని భయం. అత్త ఎన్నిసార్లు అడిగినా ముఖం మీద కొట్టినట్టు జవాబిచ్చేదాన్ని. కోపం నాకు పుట్టుకతో వచ్చింది. ఆమె పోయి చేపల పని చూసుకునేది.

విడవలూరు నుంచి రాఘవమ్మ గారు వారానికోసారి వచ్చేది. వాళ్ళది సేద్యం. వడ్లు తెచ్చి ఎండుచేపలు పట్టుకుపోయేది. ఆ వారం వచ్చినప్పుడు నేను కుండ ముందు కూర్చుని ఏడుస్తున్నాను. ఆమె గంప దించి, కుండలో మట్టి చిటికెడు తీసి నాలుక మీద వేసుకుంది. వెంటనే తుపుక్కున ఉమ్మేసింది.

"ఇది చౌడమ్మా! ఉప్పు పట్టిన మా పల్లపు చేలల్లో వరి గూడా ఇట్టానే ముడుచుకుంటాది. దీంట్లో సముద్రం పోసింది ఎవురు?"

అరుగు మీద చేపలు ఏరుతున్న అత్త చేతులు ఆగిపోయాయి.

"నేనే అక్కా," అంది. "పిల్ల పొద్దస్తమానం ఈ కుండకాడే కూచోని పుట్టిల్లు తలుచుకుంటా ఉండె. వాళ్ళ చెరువు నీళ్ళు ఉప్పే గదా. మొక్కకీ ఆ నీళ్ళ మీద బెంగుంటాది, తాగితే రెండూ తేరుకుంటాయని... రోజూ తెల్లారుజామున వాణ్ణి తెప్ప ఎక్కించి వస్తా వస్తా ఒక చెంబు ముంచుకొచ్చి పోసినా. సగానికి సగం మంచినీళ్ళు కలిపే పోసినా."

నాకు ఒళ్ళు మండిపోయింది. "తెలవకపోతే నన్ను అడగకూడదా అత్తా? అది మా నాయన ప్రాణం!" అని పెరడు అదిరేలా అరిచాను. ఆ ఊపులో నాన్న చెప్పిన మాట కూడా బయటపడింది. అత్త మొహం పాలిపోయింది. ఇన్నాళ్ళూ తను పోసింది దేనిమీదో ఆమెకు అప్పుడు అర్థమైంది. చేతిలో చేప వదలకుండా అలాగే నేల మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకు జాలి వేసింది, కోపం మాత్రం పోలేదు.

రాఘవమ్మ గారు మా ఇద్దరినీ లేపింది. మొక్కను పెళ్ళగించి వేళ్ళను చెలమ నీళ్ళలో మూడుసార్లు కడిగించింది. ఇసుకలో తవ్విన చెలమలో ఊరే నీళ్ళే మా ఊళ్ళో మంచినీళ్ళు. కుండ అడుగున మేకుతో బొక్క కొట్టించింది. "నీళ్ళు దిగే దారి లేకుంటే ఉప్పు యాడికి పోతాది?" అంది. పాత మట్టి పారబోసి, చెలమ గట్టు ఇసుక సగం, పక్కింటి మేకలదొడ్డి మట్టి సగం నింపించింది.

"నాలుగు రోజులు నీళ్ళు చూపించబాకండి. ఇది నీళ్ళు దాచుకునే మొక్క. మట్టి ఎండినాక పొయ్యండి, అడుగునుంచి కారేదాకా. మాడిన ఆకులు మళ్ళా విప్పుకోవు. కొత్త చిగురు చూడండి."

పన్నెండో రోజు పొద్దున అత్త నన్ను లేపింది. జుట్టు కూడా ముడేసుకోలేదు. "లెయ్యమ్మే! రెండాకులు వచ్చినాయి, చాప పరిచినట్టు తిన్నంగా! మీ నాయన బాగుండాడే!"

పరుగెత్తాను. నిజమే, లేతాకులు రెండు బల్లపరుపుగా తెరుచుకున్నాయి. అత్తా నేనూ ఒకరి చేతులొకరం పట్టుకుని పిల్లల్లా నవ్వాం. నవ్వుతూ నవ్వుతూనే నాకు ఒక ఆలోచన తగిలి నవ్వు నిలిచిపోయింది. ఉప్పు పోస్తే ముడుచుకుంది. మంచినీళ్ళకు చిగురేసింది. మరి దీనికి మా నాన్న సంగతి ఏం తెలుసు? ఈ ఐదు నెలల పచ్చదనమూ నాకు ఏమీ చెప్పలేదన్నమాట.

ఆ మాటే అత్తతో అన్నాను. ఆమె దండెం మీది మంచి చీర లాగి భుజాన వేసుకుంది.

"పద. నీ మొగుడు కూడు వండుకుంటాడులే, చేతులుండాయి గదా."

మళ్ళీ రెండు రోజులు కాలువ. ఈసారి నీళ్ళు కదలడమే లేదనిపించింది.

మా ఇంటి ముందు పందిట్లో, మండుటెండ వేళ, దుప్పటి కప్పుకుని పడుకుని ఉన్నాడు నాన్న. దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేడు. మమ్మల్ని చూసి బెదిరిపోయి లేవబోయాడు.

"ఎవురు చెప్పినారు మీకు? జ్వరమని చెప్పొద్దని పడవోళ్ళకాడ ఒట్టేయించుకుంటినే!"

"ఎవురూ చెప్పలేదన్నా," అంది అత్త. "ఆకు ముడుచుకునింది. నేను ఉప్పునీళ్ళు పోసినా, తెలవక."

నాన్న ఆమె వంక నమ్మలేనట్టు చూశాడు.

"రణపాల ముడుచుకునిందా చెల్లెమ్మా? గోడ మీద పారేసినా బతకతాదని ఏరి ఏరి అదే ఇస్తినే. నేను పోయినా అది పచ్చంగానే ఉంటాది, బిడ్డకు తెలవకుండా జరిగిపోతాదని."

ఆయన నుదుటి మీద చెయ్యి వేశాను. కాలిపోతోంది. అత్త ఉప్పు పోయకపోయి ఉంటే, ఈపాటికి నేను పెరట్లో కూర్చుని పచ్చటి ఆకులు చూసి నవ్వుకుంటూ ఉండేదాన్ని.

అత్త అప్పటికే వీధిలోకి పోయి, సూళ్ళూరుపేట డాక్టరు దగ్గరికి బండి కట్టమని ఎవరిమీదో కేకలు వేస్తోంది.