పదకొండు ఇంక్యుబేటర్లు

"వార్డులో దుప్పట్లు మార్చడానికి కూడా ఎంబీఏ కావాలా కుమారీ?" అన్నారు మా ఆయన పౌలురాజు. చర్చికి వేసుకెళ్ళే ఆయన తెల్ల చొక్కా అప్పుడు నా ఇస్త్రీపెట్టె కింద ఉంది. వేళాకోళంగానే అన్నారు. ఆయన వేళాకోళాలన్నీ అలాగే ఉంటాయి, నవ్వకపోతే తప్పు నాదన్నట్టు. పక్క గదిలోంచి అత్తయ్య అందుకున్నారు. "ఆదివారం ఆరాధన మానేసి ఆ గ్రేటర్ నోయిడా ఏంటమ్మా? నలభై రెండేళ్ళొచ్చాక ఎవరైనా చదువుతారా?" చొక్కా హ్యాంగరుకు తగిలించి, ఐదుగురికి వండిన అన్నం, కూరల మీద మూతలు పెట్టి, ఆర్.కె. పురం మెట్రో స్టేషనుకు పరుగెత్తాను.

ఢిల్లీలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో పద్దెనిమిదేళ్ళుగా నర్సుని. ఇప్పుడు నెలలు నిండకుండా పుట్టిన పిల్లల ఐసీయూకి ఇన్‌చార్జిని. సెలవు రోజుల్లో చదివే ఎంబీఏలో ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో ఇంట్లో చెప్పినా ఎవరికీ పట్టలేదు. ఆస్పత్రిలో ఏ కొత్త పని మొదలైనా పైవాళ్ళు గీసిన పథకంలో ఏదో ఒకటి మర్చిపోయేవారు, ఆ మర్చిపోయినదాన్ని నర్సులం మా కాళ్ళతో, మా భోజనం వేళలతో పూడ్చేవాళ్ళం. ఆ పథకం గీసే కలం ఎలా ఉంటుందో చూడాలనిపించింది. క్లాసులోనూ మొదట అదే తంతు. మా బృందంలో సాఫ్ట్‌వేర్ కుర్రాడు గోపీకృష్ణ, "ఆంటీ, మాట్లాడే పార్ట్ మేం చూసుకుంటాం. మీరు టైపింగ్ చూడండి, ప్లీజ్" అన్నాడు. రెండు సెమిస్టర్లు టైపు చేశాను.

మూడో సెమిస్టర్లో ఎవరి ప్రాజెక్టు వాళ్ళే చెయ్యాలన్నారు. సరిగ్గా అప్పుడే మా ఐసీయూని పాత బ్లాకు నుంచి కొత్త బ్లాకుకి మార్చాలని ఆస్పత్రి నిర్ణయించింది. పదకొండు మంది పసివాళ్ళు, వాళ్ళలో నలుగురు వెంటిలేటర్ మీద. అడ్మినిస్ట్రేటర్ రిటైర్డ్ కర్నల్ గారు. మీటింగులో ఆయన నాకిచ్చిన పని ఒకటే: "సిస్టర్, ప్రారంభోత్సవానికి రిబ్బను, బొకేలు ఆప్ దేఖ్ లీజియే, మీరే చూసుకోండి." బొకేల సంగతి చూశాను. తరలింపునే ప్రాజెక్టుగా కూడా రాశాను.

ఆ ఆదివారం క్లాసులో మా ప్రొఫెసర్ అరుంధతీ మేడమ్ నా రిపోర్టు తిరగేస్తూ ఒక చోట ఆగారు. "కొత్త వార్డులో ఆక్సిజన్ పాయింట్లన్నీ ఒకేసారి తెరిస్తే ప్రెషర్ నిలుస్తుందో లేదో ఎవరూ చూడలేదని రాశారు. చూడమని ఎవరికైనా చెప్పారా?"

"నేను చెబితే ఎవరు వింటారు మేడమ్?"

"వినకపోవడం వాళ్ళ తప్పు. చెప్పకపోతే ఎవరి తప్పు?"

ఇంటికొచ్చే దారంతా నాకు ముఖం మండిపోయింది. ఆవిడ మీద కోపం కాదు. ఇన్నేళ్ళూ నోరు మూసుకోవడాన్ని ఓర్పు అనుకున్నాను, భయం అని పేరు పెట్టడానికే భయపడ్డాను. మర్నాడు పొద్దున్నే కర్నల్ గారి గదికి వెళ్ళాను. ప్రారంభోత్సవం మూడు రోజుల్లో ఉంది.

"ఇంజనీర్ చెక్ చేశాడు సిస్టర్. సబ్ ఠీక్ హై."

"ఒక్కొక్కటే చెక్ చేశారు సర్. పిల్లలు ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు ఊపిరి పీల్చుకోరు కదా. అన్నీ కలిపి తెరిపించండి. అంతవరకూ నా వార్డు నుంచి ఒక్క బిడ్డనీ కదలనివ్వను."

  విసుక్కుంటూనే ఆయన ఇంజనీరుని పిలిపించారు. ఒకటి, రెండు, మూడు తెరిచారు. ఏడోది తెరిచేసరికి ప్రెషర్ పడిపోయి అలారం మోగింది. ఎనిమిదోది తెరిచే ధైర్యం ఎవరికీ లేకపోయింది. కర్నల్ గారు ప్రెషర్ మీటర్ ముల్లు వంకే చూస్తూ టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు. "ప్రోగ్రాం క్యాన్సిల్" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "మీ దగ్గర ప్లాన్ ఉందా?" అని అడిగారు.

ఉంది. నలభై పేజీలు.

పైపులు మార్చడానికి పన్నెండు రోజులు పట్టింది. ఆ రోజుల్లో సెలైన్ బాటిళ్ళని పసిబిడ్డల దుప్పట్లో చుట్టి ఇంక్యుబేటర్లో పెట్టి, అదే దారిలో, అదే లిఫ్టులో ఎనిమిదిసార్లు తోయించాను. గుమ్మం దగ్గర గతుకుందని ఐదోసారికి గానీ తెలియలేదు. దాన్ని చదును చేయించాను. బుధవారం ఉదయం ఆరింటికి మొదలుపెట్టాం. ముందు అందరిలోకీ గట్టిగా ఉన్న బిడ్డ, దారి సరిగా ఉందని తేలాక వెంటిలేటర్ మీదున్న నలుగురు, చివర మిగతావాళ్ళు. ప్రతి బిడ్డకూ ఒక డాక్టరు, ఇద్దరు నర్సులు. తలుపు దగ్గర నిలబడ్డ నేను చెయ్యి ఊపాకే ఇంక్యుబేటర్ కదిలేది. పెద్ద డాక్టర్లు కూడా నా చెయ్యి వంకే చూశారు. పదిన్నరకి పదకొండో బిడ్డ కొత్త వార్డులో కెవ్వుమని ఏడ్చింది. నర్సులందరం ఆ ఏడుపుతో పాటే ఏడ్చేశాం.

వారం తర్వాత కర్నల్ గారు మళ్ళీ పిలిచారు. డయాలసిస్ విభాగం మార్చాలట. "మీరు కాస్త హెల్ప్ చెయ్యండి సిస్టర్. పేపర్ మీద నా అసిస్టెంట్ పేరుంటుంది, అంతే."

"హెల్ప్ చెయ్యను సర్. ప్రాజెక్ట్ మేనేజర్‌గా ఆర్డరివ్వండి, చేస్తాను."

 ఆయన ఫోనెత్తి పీఏని రమ్మన్నారు.

ఆ సాయంత్రం ఆర్డరు కాగితం పౌలురాజు చేతిలో పెట్టాను. రెండుసార్లు చదివారు. మా అమ్మాయి జెనీఫర్ భుజం మీదుగా తొంగిచూసి, "మమ్మీ, యూ ఆర్ ద బాస్!" అని అరిచింది. ఆయన మాత్రం కాగితం మడిచి, "బాగానే ఉంది. మరి ఇంట్లో ఎవరు చూస్తారు?" అన్నారు.

"మీరున్నారుగా అండీ" అన్నాను. పోట్లాటకి అనలేదు. ఉన్నమాటే అన్నాను. వైవా దగ్గర పడింది, పుస్తకం తెరిచి కూర్చున్నాను.  కాసేపటికి వంటగదిలో డబ్బా మూత చప్పుడైంది.

"కుమారీ, బియ్యం ఎన్ని గ్లాసులు పొయ్యాలి?"

పదిహేడేళ్ళ కాపురంలో ఆ ప్రశ్న ఆయన నోట వినడం అదే మొదటిసారి.

"మూడు" అని చెప్పి, పేజీ తిప్పాను.