ఆసుపత్రి స్టాండు

జేసీబీ యంత్రం, మా స్టాండులో అందరికంటే పెద్దవాడైన తాత ఆటోని నోట కరుచుకుని పైకెత్తింది. ముందు చక్రం గాల్లో తిరుగుతోంది. ఒక్కసారిగా కిందికి వదిలి, పైనుంచి నొక్కింది. రేకు అణిగిపోయిన ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది.

"బాబూ, సీటు కింద మా ముసల్దాని మందులున్నాయి, తీసుకోనివ్వండి!" తాత కాళ్ళావేళ్ళా పడ్డాడు. పోలీసు పక్కకు నెట్టేశాడు.

ఇదంతా పట్టపగలు, ఆసుపత్రి గేటు ముందే. ఊళ్ళో స్టాండ్లన్నీ ఒక అద్దె కార్ల కంపెనీకి కాంట్రాక్టు ఇచ్చేశారట. ఇక ఆటోలు రోడ్డుకు అడ్డమట. "మిగతావి రేపు" అని ఇన్‌స్పెక్టర్ జీపెక్కాడు.

సాయంత్రం మెకానిక్ షెడ్డులో, షట్టరు సగం దించి కూర్చున్నాం. బయట మోటార్‌సైకిల్ ఆగితే చాలు, అందరం షట్టరు వైపే చూస్తున్నాం.

"బండ్లు దాచేద్దాం. బతికుంటే బలుసాకు తినొచ్చు" అన్నాడు మా బావ. అతనిదీ మా స్టాండే.

"దాచి ఏం చేస్తావన్నా, మంచం కింద పెట్టుకుంటావా?" అంది గేరక్క. మా స్టాండులో ఆడ డ్రైవరు తనొక్కతే. ఎంత మొండి గేరైనా ఆమె చేతికి లొంగాల్సిందే.

అంతసేపూ మూల కూర్చున్న తాత నోరు విప్పాడు.

"చిన్నప్పుడు నేను చేతుల్తో రిక్షా లాగాను. మనిషిని మనిషి లాగడం తప్పని తీసేశారు. సరే అన్నాం. తర్వాత రిక్షా తొక్కాను, ఊపిరితిత్తులు పోయాయి. అదీ అడ్డమన్నారు. అప్పుడొచ్చింది ఆటో. కారు దూరని సందులో దూరింది, బస్సు ఆగని చోట ఆగింది. కారు కొనలేనోళ్ళందరికీ అదే కారయింది. బండి మారిందిరా, తీసేసేవాడు మాత్రం మారలేదు. ప్రతిసారీ ఎవడింటికి వాడెళ్ళి ఏడ్చాం."

"వాళ్ళకి లాఠీలున్నాయి. మనకేముంది?" అన్నాను.

"ఎక్కేవాళ్ళున్నారు" అంది గేరక్క.

చీకటి పడేలోగా సందుసందూ తిరిగాం. రోజూ మా బండ్లెక్కే వాళ్ళని పొద్దున్నే వచ్చి ఎక్కి కూర్చోమని అడిగాం. కొందరు తలూపారు. చాలామంది మాట పూర్తికాకముందే తలుపులేసుకున్నారు.

మర్నాడు పొద్దున్నే యంత్రం గుర్రుమంటూ వచ్చింది. వరసలో మొదటి బండి నాది. వెనక సీట్లో కూరగాయలమ్మే పెద్దమ్మ గంప ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"దిగవమ్మా, బండి ఎత్తేస్తాం" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"బేరం కుదిరింది నాయనా. బజార్లోనే దిగుతా. ఎత్తేదుంటే నన్నూ గంపనీ కలిపి ఎత్తు."

ఆవిడ పట్టుకున్న కడ్డీ మీద వేళ్ళు తెల్లబడ్డాయి. ఆవిడకీ భయమే.

నా వెనక బండిలో, కాలికి కట్టుతో ఉన్న ఒకాయన చంకకర్ర లోపల పడేసి ఎక్కాడు. డ్యూటీ దిగిన నర్సులు ఎక్కారు. కాలేజీ పిల్లలు ఇరుక్కుని కూర్చున్నారు. నిన్న తలుపేసుకున్న టైలరు కూడా వచ్చాడు, ఎవరి ముఖమూ చూడకుండా ఎక్కేశాడు.

యంత్రం నడిపేవాడు కాసేపు చూసి ఇంజను ఆపేశాడు. "మనుషులున్న బండి నేనెత్తను సార్" అని కిందికి దిగాడు.

ఇన్‌స్పెక్టర్ ముఖం నల్లబడింది. "అందర్నీ ఎగేసింది ఇదే!" అంటూ గేరక్క జబ్బ పట్టి ఈడ్చాడు. ఆమె చెప్పు ఊడి రోడ్డు మీద పడింది. పోలీసు వ్యానులోకి తోసి తలుపు మూస్తుంటే ఆమె అరిచింది: "చెదరకండి!"

వ్యాను కదిలింది. తాత వచ్చి, నన్ను జరగమని, నా సీట్లోనే సగం కూర్చున్నాడు. వెనకనుంచి పెద్దమ్మ నా భుజం మీద తట్టింది.

"బజారుకి తర్వాత పోదాంలే బాబూ. ముందు ఆ వ్యాను వెనకాల పోనీ."

పోనిచ్చాను. మలుపులో అద్దంలోకి చూశాను. మా స్టాండు బండ్లన్నీ వస్తున్నాయి. వాటి వెనక రైల్వే స్టాండు వాళ్ళు, సవారీల కోసం రోజూ మాతో కొట్టుకునేవాళ్ళు. ఆ వెనక ఇంకా ఎవరెవరో, అద్దంలో పట్టనంతమంది.

నా భయం తగ్గలేదు. పోలీస్ స్టేషన్ గేటు ఎదురుగా కనిపిస్తోంది. బండి మాత్రం ఆపలేదు.