కొండల్ రావు కలిపిన మూడేళ్లు

‘మీ గత మూడేళ్ల అనుభవం మాకు బాగా నచ్చింది. రేపు వీడియోలో మాట్లాడదాం’ అని అమెరికాలో తాముండే ఇర్వింగ్‌లోనే ఉన్న ఓ కంపెనీ నుంచి మెయిలొచ్చింది. కావ్యశ్రీ సంతోషపడబోయి ఆగిపోయింది. ఏ మూడేళ్లు? హైవే మీద ట్రక్కు గుద్ది నడుం కింద స్పర్శ పోయాక ఆమె ఒక్కరోజు ఉద్యోగం చేసింది లేదు. మంచం మీంచి వీల్‌చెయిర్‌లోకి మారడం నేర్చుకోవడంతోనే ఆ కాలమంతా గడిచిపోయింది.

“అమ్మా, నా రెజ్యూమే ఎవరికైనా ఇచ్చావా?”

చింతపండు పిసుకుతున్న వసంతలక్ష్మి చేతులు ఆగాయి. “కొండల్ రావు గారడిగితే పంపించానే. సాయం చేస్తానన్నారు.”

కొండల్ రావు, చనిపోయిన నాన్నకు స్నేహితుడు. కన్సల్టెన్సీ నడుపుతాడు. చదువు ముగించిన పిల్లల రెజ్యూమేల్లో లేని ఉద్యోగాలు పుట్టించి, ఖాళీలు పూడ్చి, కంపెనీల మీదికి తోలడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. చుట్టూ అందరూ అదే చేస్తారు గనక ఎవరికీ తప్పనిపించదు.

కావ్యశ్రీ భయం మాత్రం వేరే. రోజూ ఉదయం రోజా అనే మనిషి వచ్చి ఆమెను లేపి, స్నానం చేయించి, బట్టలు తొడుగుతుంది. ఆ మనిషికి జీతం ప్రభుత్వం వికలాంగులకిచ్చే సాయంలోంచే వస్తుంది. కూతుర్ని ఎత్తీ ఎత్తీ అమ్మ నడుం ఎప్పుడో పోయింది. సాయం ఇచ్చే ఆఫీసులో కౌన్సెలర్ మొదట్లోనే చెప్పింది: పని చేసుకోవచ్చు, కానీ ముందు మాకు చెప్పాలి, దాస్తే మోసం కిందికొస్తుంది. ఇప్పుడేమో తెరిచి చూస్తే, కొండల్ రావు ఉద్యోగాల సైట్లో పెట్టిన రెజ్యూమేలో ఆమె పేరు కింద మూడేళ్ల కొలువు అందరికీ కనబడుతోంది. రోజా రావడం ఆగిపోతే?

వెంటనే కొండల్ రావుకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

“ఏందమ్మా కావ్యా, ఇంటర్వ్యూ వచ్చిందా? నేజెప్పలే!”

“అంకుల్, ఆ మూడేళ్లూ నేను మంచంలో ఉన్నాను.”

“గది వాళ్లకేమెర్క బిడ్డా? కెమెరాల కుర్చీ గూడ కనవడది.”

“నేను గవర్నమెంట్ సాయం తీసుకుంటున్నా. ఇది వాళ్ల కంట్లో పడితే ఫ్రాడ్ అంటారు.”

కొండల్ రావు గొంతు బాగా తగ్గింది. “అయ్యో, మీ అమ్మ ఈ ముచ్చట చెప్పనే లేదు గదా. అంతా ఇన్సూరెన్స్ మీద నడుస్తున్నదన్నది.”

కావ్యశ్రీ తల్లి వైపు చూసింది.

“ప్రభుత్వం పెడితే తింటున్నామని నలుగురిలో ఎలా చెప్పనే?” అంది వసంతలక్ష్మి నేల చూస్తూ.

“అది తీసెయ్యండి అంకుల్. ఇప్పుడే.”

“తీసేస్తా. గని రేపటి ఇంటర్వ్యూ మాత్రం ఇడిసిపెట్టకు.”

విడిచిపెట్టాలని ఆమెకు మాత్రం ఉందా? ఆ ఉద్యోగం కావాలి. తన సంపాదన తన చేతికొచ్చే రోజు కోసమే ఇన్నాళ్లూ కళ్లు కాయలు కాశాయి. అయినా మెయిల్ కింద ఉన్న నంబర్‌కి ఫోన్ చేసింది. ఆ మూడేళ్లు పనిచేయలేదని, ఆ రెజ్యూమే తను తయారుచేసింది కాదని, ప్రమాదం సంగతితో సహా చెప్పేసింది. అవతలి అమ్మాయి మర్యాదగానే విని, రేపటి ఇంటర్వ్యూ రద్దు చేస్తున్నానంది. అసలు రెజ్యూమే పంపితే చూస్తామంది గానీ మాటివ్వలేదు.

“నోటికాడి కూడు కాలదన్నుకున్నావే!” వసంతలక్ష్మి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

కావ్యశ్రీ కౌన్సెలర్‌కి ఫోన్ కలిపి మళ్లీ స్పీకర్ పెట్టింది. ఎంతసేపటికీ సంగీతమే. చివరికి కౌన్సెలర్ లైన్లోకొచ్చింది.

కావ్యశ్రీ నోరు తెరిచేలోపే వసంతలక్ష్మి ముందుకు వంగింది. “మేడమ్, ఐ మదర్. మై డాటర్ నో వర్క్. గవర్నమెంట్ హెల్ప్ ఓన్లీ. రెజ్యూమే ఐ గివ్. మిస్టేక్ మైన్.”

అటువైపు కీబోర్డు టకటకలు. కావ్యశ్రీ మిగతాదంతా చెప్పింది. కౌన్సెలర్ అంతా రాసుకుంది. మీ అంతట మీరే చెప్పారని కూడా రాశానంది. పైవాళ్లు చూసి నిర్ణయిస్తారు, అందాకా ఏదీ ఆగదంది.

ఫోన్ పెట్టేశాక తల్లి అడిగింది. “అయితే రేపు రోజా వస్తుందిగా?”

“వస్తుంది.”

“పైవాళ్లంటే ఎవరే?”

“తెలీదమ్మా” అంది కావ్యశ్రీ.